సోఫా జరిపితే చాలదూ?

“మా హాలు చిన్నది, మా వారి జీతం అంతకంటే చిన్నది, పిల్లలకి మాత్రం పెద్ద టెలివిజను కావాలట. ఏది కొనమంటారు?” అని ఒక సోదరి ఉత్తరం రాశారు. సరిగ్గా ఆ ప్రశ్నతోనే 2025 అక్టోబరులో మా ఇల్లు పదిహేను రోజులపాటు అట్టుడికిపోయింది. అంచేత ఈ వారం ఆ సంగతే రాస్తాను.

దసరా వెళ్లిన వారానికి మా పాత టెలివిజను కన్ను మూసింది. పదకొండేళ్లు పనిచేసింది పాపం. ఒక సాయంత్రం తెరమీద నిలువుగా నీలపు గీత వచ్చింది. మర్నాటికి నాలుగు గీతలయ్యాయి. మూడో రోజుకి వార్తలు చదివే అమ్మాయి గొంతు తప్ప ఇంకేమీ మిగల్లేదు. బాగుచేసే కుర్రాడు వచ్చి అటు తట్టి ఇటు తట్టి, “పానెల్ పోయిందండీ. అది మార్చే డబ్బుకి ఇంకాస్త వేసుకుంటే కొత్తదే వస్తుంది” అని చెప్పి, చూసినందుకు రెండువందలు పుచ్చుకుని వెళ్లాడు.

ఆ రాత్రే ఇంట్లో సభ జరిగింది. పోస్టాఫీసులో కట్టిన రికరింగు డిపాజిట్టు తాలూకు అరవై అయిదు వేలు చేతికొచ్చి వున్నాయి. అందులో ఇరవై వేలు అమ్మ కళ్లకని పక్కన పెట్టుకున్నవి. అవి ముట్టుకోకూడదు. మిగిలింది నలభై అయిదు వేలు.

“అరవై అయిదు అంగుళాలకి తక్కువైతే కొనటం దండగ నాన్నా” అన్నాడు మా అబ్బాయి. “టాక్సు కూడా పది శాతం తగ్గింది.”

తగ్గిన మాట నిజమే. ముప్ఫైరెండు అంగుళాలు దాటిన టెలివిజన్లమీద జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి 28 శాతం నుంచి 18 శాతానికి దిగింది. అలాగని ధరలో పదో వంతు పోతుందనుకుంటే పొరపాటు. ఇదివరకు నూరు రూపాయల సరుకు నూట ఇరవై ఎనిమిదికి వచ్చేది, ఇప్పుడు నూట పద్దెనిమిదికి వస్తుంది. అంటే నలభై వేలది సుమారు ముప్ఫై ఆరు వేల తొమ్మిది వందలవుతుంది. ఈ లెక్క నేను కాగితం మీద వేసి చూపిస్తే మా వాడు, “అయితే వడ్డీ లేని వాయిదాలు ఉన్నాయిగా!” అన్నాడు. వడ్డీ లేదన్న వాయిదాల్లో రొక్కంగా ఇస్తే వచ్చే తగ్గింపు చాలాసార్లు పోతుంది, బ్యాంకు రుసుము ఒకటి తగులుకుంటుంది. పెన్షను తీసుకునేవాడు వాయిదాల జోలికి పోకూడదని నా పట్టుదల.

మర్నాడు టేపు తీసుకుని హాలు కొలిచాను. గోడకి ఆనించిన సోఫాలో కూర్చున్న మనిషి కంటినుంచి ఎదుటి గోడకి తొమ్మిది అడుగులు. సినిమా చూసినట్టు హాయిగా కనబడాలంటే, తెర సైజు అంగుళాలని 1.6తో హెచ్చవెయ్యాలి, అంత దూరంలో కూర్చోవాలి అని ఒక లెక్క ఉంది. అరవై అయిదుని హెచ్చవేస్తే నూట నాలుగు అంగుళాలు, అంటే ఎనిమిది అడుగుల ఎనిమిది అంగుళాలు. చెప్పొద్దూ, నాకు గుండె గుభేలుమంది. లెక్క అబ్బాయి పక్షానే ఉంది!

ఈ అంగుళాలు తెర మూలనుంచి మూలకి కొలిచేవి. యాభై అయిదు అంటే అడ్డం నాలుగడుగులు, నిలువు రెండుంపావు అడుగులు. పాత దినపత్రికలు ఆ కొలతకి అతికించి గోడకి అంటించాను. రెండు రోజులు ఆ కాగితాన్నే చూస్తూ కాఫీ తాగాం. వచ్చినవాళ్లు అదేమిటని అడిగితే, “కొత్త టెలివిజను, ఇంకా కరెంటు ఇవ్వలేదు” అనేది మా ఆవిడ. నవ్వుకుంటే నవ్వుకోండి గాని, షాపులో చిన్నదిగా కనిపించిన తెర ఇంటి గోడమీద ఎంత మేర ఆక్రమిస్తుందో తెలియటానికి ఇంతకంటే చవకైన మార్గం లేదు.

ఆ కాగితం ముందు కూర్చునే మా ఆవిడ అడిగింది: “ఏమండీ, అత్తయ్య హాల్లోకి వచ్చి కూర్చుని ఎన్నాళ్లయిందో ఎప్పుడైనా గమనించారా?”

గమనించలేదు.

1987లో ఆదివారం పొద్దున్న రామాయణం వచ్చేటప్పుడు, సత్యనారాయణపురంలో మా ఇంటి ముందుగదిలో ముప్ఫై నలభై మంది కూర్చునేవారు. తలుపులున్న చెక్కపెట్టెలో ఇరవై అంగుళాల నలుపు తెలుపు టెలివిజను అది, నాన్నగారు కొన్నది. అమ్మ స్నానం చేసి, దానికి బొట్టు పెట్టి, అందరికీ చోటు చూపించి, తను వంటింటి గుమ్మంలో నిలబడి చూసేది. అంత దూరాన్నుంచీ ఎవరి ముఖంలో ఏ భావం ఉందో చెప్పేది. ఇప్పుడు ఎనభై రెండేళ్లు. రెండు కళ్లకీ శుక్లాలు తీయించాం. అయినా చూపు మధ్యభాగం మసకే. మాక్యులా అంటారు, కంటి వెనక పొరలో సన్నని వివరాలు పట్టే చోటు, అది వయసుతో అరిగిపోయింది. కంటి డాక్టరుగారు 2023లోనే చెప్పారు: “ఆవిడని దగ్గరగా కూర్చోనివ్వండి. దగ్గరనుంచి చూస్తే కళ్లు పోవు. బొమ్మ పెద్దదిగా పడుతుంది, అంతే.”

ఆ మాట నేను నా చెవులతో విన్నాను. విని, ఇంటికొచ్చి, క్రికెట్టుకి అడ్డంగా ఉందని అమ్మ కుర్చీ వెనక్కి జరిపాను. “మరీ దగ్గరగా వద్దమ్మా, కళ్లు పాడవుతాయి” అని పైనుంచి ఒక అబద్ధం కూడాను. అమ్మ ఏమీ అనలేదు. నాలుగు రోజులు ఆ దూరాన్నుంచే చూసింది. తరవాత, “నాకెందుకురా, మీరు చూసుకోండి” అని వెనకగదిలోకి వెళ్లిపోయి రేడియో పెట్టుకుంది. రెండేళ్లు. నేను దాన్ని వైరాగ్యం అనుకున్నాను.

బందరు రోడ్డులోని షాపుకి అమ్మని బలవంతాన తీసుకెళ్లాం. అక్కడ ముప్ఫై తెరలు వరసగా వెలుగుతున్నాయి. అన్నిట్లోనూ రామచిలుకలు, జలపాతాలు, నారింజపండు మీద నీటిబొట్లు. ఆ బొమ్మల్ని చూసి మోసపోకండి. షాపువాళ్ల దగ్గర ఉండే దృశ్యాలు అందుకోసం తీసినవే, రంగుల మీట కూడా చివరిదాకా తిప్పి ఉంటుంది. “బాబూ, ఒక తెలుగు వార్తల ఛానలు పెట్టు” అన్నాను. పెట్టేసరికి సగం తెరల తళుకు దిగిపోయింది. మనం ఇంట్లో చూసేది అదే గదా! మామూలు స్పష్టతతో వచ్చే ఛానలు తెర పెద్దదైన కొద్దీ అలికినట్టు కనబడుతుంది. అది టెలివిజను తప్పు కాదు, వచ్చే బొమ్మలోనే అన్ని చుక్కలు లేవు.

చుక్కలంటే గుర్తొచ్చింది. ఫోర్ కె అంటే తెరమీద సుమారు ఎనభై మూడు లక్షల చుక్కలు, ఫుల్ హెచ్‌డీకి నాలుగు రెట్లు. యాభై అయిదు అంగుళాల తెరని ఏడడుగులు దాటి చూసే మనిషికి ఆ తేడా ఇంచుమించు తెలియదు. ఇంకా దగ్గరకెళ్తేనే తెలుస్తుంది. మా ఇంట్లో అంత దగ్గర కూర్చోబోయేది అమ్మ, ఆ చుక్కలు కనిపించనిదీ అమ్మకే! ఓఎల్‌ఈడీ అనేదాంట్లో ఏ చుక్కకా చుక్క తనంతట తానే వెలుగుతుంది. నలుపు కాటుకలా ఉంటుంది, ధర మా వీధి మొగలోకి కూడా రాదు. క్యూఎల్‌ఈడీ పేరు దానికి దగ్గర చుట్టంలా వినిపిస్తుంది గాని, అది వెనకనుంచి దీపం వేసే మామూలు తెరే, రంగులు బాగుండటానికి మధ్యలో ఒక పొర ఎక్కువ.

షాపు కుర్రాడు మంచివాడు. “మామ్మగారూ, కూర్చోండి” అని కుర్చీ వేశాడు. నేను ఆ కుర్చీని యాభై అయిదు అంగుళాల తెర ముందు పెట్టి, కొంచెం కొంచెంగా ముందుకి లాగుతూ, “అమ్మా, కింద పరుగెత్తే అక్షరాలు చదువు” అన్నాను. చాలాసేపు ఏమీ చదవలేదు. మూడున్నర అడుగుల దగ్గరకి రాగానే, “కోడిగుడ్డు ధర... మళ్లీ పెరిగిందిట్రా!” అంది.

అరవై అయిదు ముందు కూడా అలాగే లాగాం. నాలుగడుగుల పైన ఒక అంగుళం దగ్గర చదివింది. ఇరవై వేలు ఎక్కువ పోస్తే అమ్మ కుర్చీకి కలిసొచ్చేది ఏడంగుళాలన్న మాట! మా అబ్బాయి ఇంకేమీ మాట్లాడలేదు. మాట్లాడకుండా తన ఫోనులో లెక్కచూసి, “నాన్నా, మన సోఫాని గోడనుంచి ఇరవై అంగుళాలు ముందుకి జరిపితే యాభై అయిదే అరవై ఏడంత కనిపిస్తుంది” అన్నాడు. ఇరవై అంగుళాలకి ఇరవై వేలు. సోఫా గోడకి ఆనించే ఉండాలని మనకెవరు చెప్పారో!

తరవాత చూసుకోవలసింది పక్కచూపు. అమ్మ అందరికీ అడ్డం కాకుండా తెరకి ఎడమవైపు చివర కూర్చుంటుంది. అక్కణ్నుంచి కుడిచివర బాగా ఏటవాలుగా కనబడుతుంది. వి.ఎ. రకం తెరలు ఎదురుగా చూస్తే నలుపు బాగుంటుంది గాని పక్కనుంచి రంగులు వెలిసిపోతాయి. ఐ.పి.ఎస్. రకం పక్కనుంచి నిలబడుతుంది, చీకటి గదిలో మాత్రం నలుపు కాస్త బూడిదరంగు. ఈ పేర్లు అట్టపెట్టెమీద ఎప్పుడూ ఉండవు. పక్కకెళ్లి నిలబడి చూడటమే. మేము నలుగురం ఎడమవైపుకి ఒరిగి నిలబడి తెరలన్నీ చూస్తూ వుంటే షాపులోవాళ్లు మమ్మల్ని చూశారు.

చివరికి పక్కనుంచి బాగున్న మామూలు ఎల్‌ఈడీ, యాభై అయిదు అంగుళాలది, ముప్ఫై ఆరు వేలకి తీసుకున్నాం. మాట స్పష్టంగా వినిపించే పొడుగాటి స్పీకరు ఒకటి ఆరు వేలు. పల్చటి టెలివిజన్లలో స్పీకర్లకి చోటు లేక శబ్దం కిందికో వెనక్కో పోతుంది. సంగీతం హోరెత్తుతుంది, మాట మాత్రం అందదు. డబ్బు తక్కువైనప్పుడు ఒక సైజు దిగి, మిగిలింది వినికిడి మీద పెట్టమని నా సలహా, ముఖ్యంగా ఇంట్లో పెద్దవాళ్లుంటే.

బిగించటానికి వచ్చినవాడు దేవుడి పటంలా ఎత్తున పెట్టబోయాడు. వద్దని, కూర్చున్నప్పుడు కంటికి ఎదురుగా వచ్చేట్టు కిందికి పెట్టించాను. వాడు వెళ్లాక రంగుల మీట ‘సినిమా’ అన్నచోటికి తిప్పాం. మొదట్లో చప్పగా అనిపించింది, వారానికి అలవాటైపోయింది.

సోఫా ఇప్పుడు హాలు మధ్యలో పడవలా వుంది. రాత్రిపూట దాని కోడు తగిలి నా మోకాలు రెండుసార్లు కమిలింది. వెనక ఊడవటానికి వీలుగా ఉందని మా ఆవిడ మెచ్చుకుంది. అక్కడ నా పాత కళ్లజోడు, ఒక చెంచా దొరికాయి.

అమ్మ మొదటి రోజు హాల్లోకి రానంది. నేనే వెనకగదిలోకి వెళ్లి, డాక్టరుగారు రెండేళ్ల కిందట ఏమన్నారో, నేనేం చేశానో చెప్పాను. అమ్మ కాసేపు రేడియో కేసి చూసి, “ఆ మాట నాకూ వినిపించిందిలేరా, నేను ఆ గదిలోనే ఉన్నాను” అంది. అని లేచింది.

నిన్న సాయంత్రం మా అబ్బాయి వంటింట్లో దోసె తింటూ కేకేశాడు: “బామ్మా, స్కోరెంత?”

“ఉండు, ఆ పక్కన రాస్తున్నాడు... మూడుకి నూట పన్నెండు. నువ్వు చట్నీ వేసుకున్నావా?”