కౌలు, హక్కు, ఆశ

దేశమున కలత పుట్టినప్పుడెల్ల ముసల్మానునకు ఒక ప్రశ్న ఎదురగుచున్నది: “నీవు మొదట మహమ్మదీయుడవా, భారతీయుడవా?” శత్రువులు మాత్రమే ఈ ప్రశ్న వేయుచున్నారనుకొనరాదు. మిత్రులును మర్యాదగా, ఒకింత నవ్వుతో, అడుగుచున్నారు. మొదటిది చెప్పినచో దేశద్రోహి యగును. రెండవది చెప్పినచో విశ్వాసహీనుడగును. ఏది చెప్పినను దోషము తప్పని ప్రశ్న ధర్మాసనమునకు తగినది గాదు, ఇరుగుపొరుగునకు అసలే తగదు. ధవళేశ్వరపు ఆనకట్టనుండి వచ్చు గోదావరి కాలువయు, బెజవాడనుండి వచ్చు కృష్ణ కాలువయు ఏలూరున కలియుచున్నవి. అచ్చట చెంబెడు నీరు ముంచి, ఇందులో మొదటిది ఏ నది నీరు అని అడుగువానికి ఏమి చెప్పగలము? దప్పిక గొన్నవాడు త్రాగును, చేనుగలవాడు పారించుకొనును. వాదము కోరినవాడు మాత్రమే అడుగును.

నేను నల్లజర్ల మెట్టకు చెందినవాడను. నమాజు అరబ్బీలో చేయుదును; పద్దు తెలుగులో వ్రాయుదును; కల తెలుగులోనే కందును. ఈ మూటికిని నాలో ఏనాడును తగవు కలుగలేదు. తగవు బయటనుండి వచ్చి తలుపు తట్టుచున్నది. కావుననే నాలుగు మాటలు చెప్పవలసి వచ్చినది.

ఈ పత్రిక చదువు భూస్వాములు తమ దస్తావేజులను ఒకమారు తీసి చూడవలెనని ప్రార్థించుచున్నాను. ఆ దస్తావేజు అను మాట పారసీకము. అడంగలులో నేటికిని కనబడు ఫసలీ సంవత్సరము అక్బరు పాదుషా కాలమున పుట్టిన పంటలెక్క. 2025 జూలైలో మొదలయినది 1435వ ఫసలీ. రైతు అను మాట అరబ్బీనుండి వచ్చినది. కాపాడబడువాడని దాని మూలార్థము. జిల్లా, ఇనాము, జమాబందీ, వసూలు, బాకీ, అసలు, నకలు, రాజీ – ఇవన్నియు ఆ దారినే వచ్చి మన నోట తెలుగైపోయినవి. వీనిలో రెండు మాటలను నేను మిక్కిలిగా ప్రేమింతును. ఒకటి కౌలు. అరబ్బీలో దానికి ‘పలికిన మాట’ అని యర్థము. ఇచ్చిన మాటయే కౌలు. కాగితము తరువాత వచ్చినది. రెండవది హక్కు. అరబ్బీలో సత్యమునకును, న్యాయముగా రావలసినదానికిని ఆ యొక్క మాటయే. ముసల్మానులు భగవంతుని పిలుచు నామములలోను అది యొకటి. సత్యమును, స్వత్వమును ఒక్క మాటలో ఇమిడ్చిన ఆ పదము లేనిదే నేడు ఏ తెలుగు రైతును తన పొలమును గూర్చి మాటాడలేడు. మాటలను ఇంటిలోనికి రానిచ్చి, వానిని తెచ్చినవారి బిడ్డలను గుమ్మమున నిలుపుట ధర్మమగునా?

మేము నిన్న వచ్చినవారము గాము. ఏలూరు సర్కారు అను పేరే చరిత్రలో నున్నది. 1753లో నిజాము ఈ సర్కారులను పరాసులకిచ్చెను. 1759లో మచిలీపట్టణపు కోట ఆంగ్లేయుల వశమయ్యెను. రాజ్యములు చేతులు మారినవి. కాని ఏలూరి మగ్గముపై రత్నకంబళి నేయు ముసల్మాను చేయి ఆగలేదు. పారసీక దేశమునుండి వచ్చిన నేతగాండ్రు నేర్పిన ఆ పని ఈ యూరిదై, 1851లో లండను మహాప్రదర్శనమున నిలిచెను. కంబళి నేయు విద్య పారసీకము, నేసిన చేయి తెలుగువాడిది, తొక్కిన పాదము ఎల్లవారిది.

విద్యావిషయమునను ఇట్లే జరిగినది. 1885లో పిఠాపురమున పుట్టిన ఉమర్ ఆలీషా కవి ఉమర్ ఖయ్యామును తెలుగు పద్యములలోనికి తెచ్చెను. కేంద్ర శాసనసభలో సభ్యుడయ్యెను. ఆయన పీఠమునందు నేటికిని హిందువులు, ముసల్మానులు కలిసి కూర్చుండుచున్నారు. ఇటునుండి అటుగూడ నడచినవారున్నారు. ఖురానును తెలుగు చేయుటకు పూనుకొన్న తొలివాడు మౌల్వీ కాడు. బ్రాహ్మణ పండితుడైన చిలుకూరి నారాయణరావుగారు. ఎవరును ఆయనను బలవంతపెట్టలేదు. పొరుగువాడు ఏమి చదివి కన్నీరు పెట్టుకొనుచున్నాడో తెలిసికొనవలెనను కోరికకంటె ఆయనకు వేరు కారణము అక్కరలేకపోయెను. ఇక పీర్ల పండుగనాడు గుండము చుట్టు త్రొక్కిన పాదములు ఏ మతమువో లెక్కించినవారు మా తాతలలో లేరు. మస్తానయ్య, హుస్సేనయ్య, ఫకీరయ్య అని మ్రొక్కుబడితో బిడ్డలకు పేర్లు పెట్టుకొన్న హిందూ కుటుంబములు తెలుగునాట ఎన్ని లేవు? ఆ ఆచారములలో కొన్నింటిని మా మతపెద్దలు మెచ్చరు. ఆ చర్చ మాలో మేము చేసికొందుము. కాని ఆ తల్లులు బిడ్డకు పరాయి పేరు పెట్టుచున్నామని తలంపలేదు. ఆ సంగతి మరువదగినది కాదు.

1947లో పటముపై ఒక గీత గీయబడెను. ఆ గీత దాటి పోయినవారు పోయిరి. 1951 జనాభా లెక్కనాటికి సుమారు మూడున్నర కోట్లమంది ముసల్మానులు ఇచ్చటనే నిలిచియుండిరి. ఈ నిలుచుట సామాన్యమని తలంపరాదు. తక్కినవారికి ఈ దేశము పుట్టుకతో వచ్చినది; వారిలో పెక్కుమందికి పుట్టుకతో వచ్చినదానిని మరల కోరుకొనవలసిన గడియయు వచ్చెను; వారు కోరుకొనిరి. 1940లో రామగఢ కాంగ్రెసు సభకు అధ్యక్షుడైన మౌలానా అబుల్ కలామ్ ఆజాదు, ఇస్లాము వారసత్వమును భారతీయతను రెంటిని ఒక్క ప్రసంగమున గర్వముతో చెప్పుకొనెను. ఆయనకు ‘మొదట’ అను మాటతో పని లేకపోయెను.

మరుసటి యేడు మన యెల్లకు ఆవలనే అగ్ని రగిలెను. రజాకార్ల దౌర్జన్యమునకు తాళలేక తెలంగాణమునుండి వేలాదిగా జనులు కృష్ణా, గోదావరి జిల్లాలకు తరలివచ్చిరి. ఆ రజాకార్లు ఇస్లాము పేరు చెప్పిరి. కనుక నాటి ఘోరమును దాచుట ముసల్మానునకు తగదు. అయితే ఆ కథలో ఇంకొక ముసల్మానుకూడ నున్నాడు. హైదరాబాదు సంస్థానము భారతదేశమున చేరవలెనని తన ‘ఇమ్రోజ్’ పత్రికలో వ్రాసిన షోయబుల్లా ఖాన్‌ను 1948 ఆగస్టులో హంతకులు నడివీథిలో చంపిరి. ఆ సెప్టెంబరు పోలీసు చర్య తరువాత ఏ పాపము నెరుగని ముసల్మానులు వేలమంది హతులైరి. దానిని విచారించిన సుందర్‌లాల్ సంఘపు నివేదిక 2013 వరకు వెలుగు చూడలేదు. ఒక మరణమును చెప్పి మరొక మరణమును మ్రింగువాడు చరిత్ర చెప్పుటలేదు, పగ పెంచుచున్నాడు. నేను మూటిని చెప్పుచున్నాను. చదువరులును మూటిని జ్ఞప్తియందుంచుకొనవలెను.

ఇక నేటి కలత. 2025 ఏప్రిలు 22న పహల్గాములో 26 మందిని ముష్కరులు కాల్చి చంపిరి. మతము విచారించి మరి చంపిరని బ్రదికినవారు చెప్పిరి. ఆ వార్త విని నా ప్రాణము విలవిలలాడెను. మృతులలో ఒకడు, యాత్రికులను గుఱ్ఱముపై తిప్పి పొట్ట పోసికొను కాశ్మీరీ ముసల్మాను. హంతకుల నెదిరించి నేలకొరగెను. మరునాటినుండి నావంటివారి చరవాణులకు వచ్చిన సందేశములలో హంతకుల మతమే కనబడినది గాని అడ్డుపడినవాని మతము కనబడలేదు. మా బంధువొకడు ఉద్యోగరీత్యా ఒక పట్టణమునకు పోయి అద్దె యిల్లు మాటాడుకొనెను. బేరము కుదిరినది, పేరు చెప్పినపిదప చెడినది. ఇంటివారు కఠినముగా మాటాడలేదు. “మా వాళ్లు ఒప్పుకోరండీ” అని మెత్తగా చెప్పిరి. ఆ మెత్తదనమే ఎక్కువగా గుచ్చుకొనెను. తిట్టినవానితో తగవు పడవచ్చును. తలవంచుకొని తలుపు వేసినవానితో ఏమి చేయుదుము?

అదే యేప్రిలులో వక్ఫు సవరణ చట్టము వచ్చెను. సెప్టెంబరు 15న సుప్రీముకోర్టు అందలి కొన్ని నిబంధనలను తాత్కాలికముగా నిలిపెను, చట్టమంతటిని నిలుపలేదు. చట్టపు మంచిచెడ్డలు న్యాయస్థానము తేల్చును. భూమి నెరిగిన చదువరులకు నేను చెప్పవలసినది వేరొకటి యున్నది. వక్ఫు అనగా ఒకడు దేవుని పేర విడిచిపెట్టిన ఆస్తి. మీ తాతలు గుడికి విడిచిన మాన్యము వంటిదే యది. దేవాలయ మాన్యములు ఎట్లు కరిగిపోయినవో మీకు తెలియును. మసీదుల యినాములును అట్లే కరిగినవి, తినినవారిలో మావారును ఉన్నారు. దాత చనిపోయెను గాని ఆయన పలికిన కౌలు చావలేదు. దానిని ముతవల్లి మీరినను, ఆక్రమణదారుడు మీరినను, ప్రభుత్వము మీరినను మీరుటయే. గుడి మాన్యమునకు ఒక న్యాయము, మసీదు ఇనామునకు ఒక న్యాయము అనువాడు రెంటికిని శత్రువే.

ఇన్నింటి నడుమ ఆశ యెక్కడిదని నా పిల్లలు అడుగుచున్నారు. వారికి నేను యాకూబు ప్రవక్త కథ చెప్పుదును. ప్రియపుత్రుడు యూసుఫు దూరమైనపుడు ఆ వృద్ధుడు ఏడ్చి యేడ్చి చూపు పోగొట్టుకొనెను. ఏడ్చుట తప్పని ఖురాను ఆయనను నిందింపలేదు. కాని దైవకరుణయందు నిరాశ చెందవద్దని ఆ కనులు లేని తండ్రియే కొడుకులకు చెప్పి, వెదకుడని పంపెను. ఆశ యనగా కీడు లేదని బుకాయించుట గాదు. కనులు పోయినను వెదకుట మానకుండుట. సబ్ర్ అను మాటను ఓర్పు అని తెలుగు చేయుదురు. అది చేతులు ముడుచుకొను ఓర్పు గాదు. వాన వెనుకబడినను విత్తనము దాచియుంచుకొను మెట్ట రైతు ఓర్పు.

మా యీ సీమలో కొల్లేటిలోనికి వచ్చి పడు ఏరులు పెక్కు. బుడమేరు, తమ్మిలేరు మొదలైనవి. నీరు సముద్రమునకు పోవు దారి ఉప్పుటేరొక్కటే. అది పూడినచో వచ్చిన వరద చుట్టుప్రక్క ఊళ్లను ముంచును. మనస్సును అట్టిదే. అవమానములు ఎన్ని దారులనైన వచ్చి పడును. అవి పోవుటకు ఒక దారి కావలెను. నాకు ఆ దారి నమాజు. నుదురు నేలకు ఆనించినప్పుడు పగ నీరై పోవును. ఆ నేల ఈ నేలయే గదా! నుదురు తాకిన మట్టిని ద్వేషింపుమని ఏ ముసల్మానునకు బోధింపగలరు?

నా తోడి ముసల్మానులకు కొన్ని మాటలు చెప్పుట నా విధి. దురుసు మాటకు దురుసు మాట జవాబు గాదు. ఆడపిల్లల చదువును పదవ తరగతితో కత్తిరింపవద్దు. మసీదు ఆదాయవ్యయములను తెలుగులో వ్రాసి గోడకు అంటించుడు. దాపరికము లేనిచోట అపనింద నిలువదు. తెలుగు చక్కగా చదువుడు, వ్రాయుడు. మన బాధను మన పొరుగువాని భాషలో చెప్పలేనినాడు దానిని మరియొకడు తనకు తోచినట్లు చెప్పును. 2007లో వెనుకబడిన ముసల్మాను తరగతులకు చట్టము నూటికి 4 వంతుల అవకాశము కల్పించినది. 2010లో సుప్రీముకోర్టు మధ్యంతరముగా దానిని కొనసాగనిచ్చినది. అది మతమును చూచి యిచ్చిన వరము గాదు, వెనుకబాటును చూచి యిచ్చిన చేయూత. దానిని అందుకొని, రేపు అక్కరలేని స్థితికి ఎదుగుటయే దానికి గౌరవము.

గ్రామపెద్దలకును పట్టణవాసులకును నా మనవి చిన్నది. వదంతి వచ్చినప్పుడు దానిని పదిమందికి పంపుటకు ముందు మీ యూరి ముసల్మానును ఒకమారు పిలిచి అడుగుడు. మీ యిల్లు అద్దెకిచ్చునప్పుడు నడవడి చూడుడు, బాకీ తీర్చునా యని చూడుడు. పేరు చూచి పంపివేయవద్దు. మీ పొలము కౌలుకు చేయువాడు, మీ పరుపులకు దూది యేకినవాడు, మీ బండి బాగుచేయువాడు ఏ దేశము వాడని సభలో ఎవరైన అడిగినచో, “మావాడు” అని ఒక్క మాట లేచి చెప్పుడు. అట్టి మాట మీరు చెప్పినచో దాని బరువు వేరు. మేము చెప్పుకొన్నది సాక్ష్యమగును. మీరు చెప్పినది తీర్పగును.

1925లో ఏర్పడిన మన పశ్చిమగోదావరి జిల్లా 2022 ఏప్రిలు 4న చీలినది. ఏలూరు ఒక జిల్లాయైనది, తాడేపల్లిగూడెము పాత పేరుననే యున్నది, నల్లజర్ల తూర్పుగోదావరికి పోయినది. గీతలు మారినవని వియ్యములు తెగలేదు, సంతలు మానలేదు, అప్పులు మాఫీ కాలేదు. కాగితముపై గీత వచ్చినను మనుష్యులు మనుష్యులుగానే యుండగలరని మనకు అనుభవమే చెప్పుచున్నది.

ఈ దేశప్రజలు ఒకరికొకరు వ్రాసికొన్న ఒక కౌలు 1950 జనవరి 26న అమలులోనికి వచ్చెను. అందు ఎవనికిని మతమునుబట్టి హక్కు తగ్గదని యున్నది. ఆ కౌలుకు గడువు లేదు. దానిలో మా పాలు మేము నమ్మకముతో చెల్లించుచున్నాము. మీ పాలు మీరును చెల్లింపుడు. ఇచ్చిన మాట నిలుపుకొనువారి నడుమ బ్రదుకువానికి ఆశ కఱవు గాదు.