అద్దె ఇంట్లో జావా కాపురం

2009 ఏప్రిల్ 7న గూగుల్ చేసిన ప్రకటన జావా ప్రోగ్రామర్ల చెవిన అమృతం పోసినట్లయింది. అంతకు సరిగ్గా ఏడాది ముందు పైథాన్ భాష వారికి తెరిచిన యాప్ ఇంజన్ సేవను జావా వారికీ అందిస్తున్నామన్నది దాని సారాంశం. సర్వరు కొనక్కర్లేదు. దానికో ఏసీ గది, యూపీఎస్, రాత్రి కాపలాకు ఓ ఇంజనీరు అక్కర్లేదు. ప్రోగ్రాం రాసి పంపండి చాలు, నడిపే బాధ్యత మాది, సైటుకు జనం పోటెత్తితే మెషీన్లు పెంచే పూచీ కూడా మాదేనన్నారు. పైగా రోజుకు కొంత వాడకం ఉచితం. తొలివిడతలో 10,000 మందికే చోటు అనేసరికి ఆత్రం ఇంకా పెరిగింది.

ఆ ఆత్రానికి కారణముంది. పీహెచ్‌పీలో రాసిన సైటునైతే ఏదో ఒక హోస్టింగ్ కంపెనీ సర్వర్లో మరో వందమంది సైట్లతో పాటు చవగ్గా సర్దేయవచ్చు. జావా అలా సర్దుకునే రకం కాదు. దానికి సొంత మెమొరీ కావాలి, ఎప్పుడూ మేలుకుని ఉండే టామ్‌క్యాట్ లాంటి సర్వర్ ప్రోగ్రాం కావాలి. అంటే దాదాపు సొంత మెషీను కావాలి. హైదరాబాద్ అమీర్‌పేటలో స్ట్రట్స్, స్ప్రింగ్, హైబర్నేట్ అనే మూడు పేర్లు కనిపించని కోచింగ్ సెంటర్ బోర్డు ఆ రోజుల్లో అరుదు. ఆ కోర్సు పూర్తిచేసిన కుర్రాడు పెద్ద కంపెనీలో బ్యాంకింగ్ ప్రాజెక్టులో చేరగలడు గానీ, సొంతంగా చిన్న సైటు పెట్టుకోవాలంటే మళ్లీ పీహెచ్‌పీ పుస్తకం తెరవాల్సిందే. ఆ గోడను గూగుల్ కూల్చేసినట్లు కనిపించింది.

నిజానికి కూల్చింది సగమే. మిగతా సగం సంగతి సామాను దింపాక గానీ తెలియలేదు.

జావాతో పాటు వచ్చే వేలాది తయారీ భాగాల్లో (వీటినే క్లాసులంటారు) వేటిని వాడవచ్చో గూగుల్ ఒక జాబితా ఇచ్చింది. వైట్ లిస్ట్ అని దాని పేరు. అందులో లేనిది వాడితే ప్రోగ్రాం అక్కడే ఆగిపోతుంది. ఫైలు చదవవచ్చు గానీ రాయకూడదు. రెండు పనులు ఒకేసారి చేయడానికి కొత్త థ్రెడ్ సృష్టించకూడదు. బయటి కంప్యూటర్‌తో నేరుగా సాకెట్ తెరిచి మాట్లాడకూడదు, గూగుల్ చూపిన దారినే పోవాలి. ఒకే మెషీన్లో ఎందరివో ప్రోగ్రాములు నడుస్తున్నప్పుడు ఒకరు మరొకరి గదిలోకి తొంగిచూడకుండా ఈ కట్టుబాటు అవసరమేనని ఒప్పుకోవాలి. కానీ జావా పుట్టిందే 'ఒకసారి రాయండి, ఎక్కడైనా నడపండి' అన్న హామీతో. అందుకే జావా సృష్టికర్త సన్ మైక్రోసిస్టమ్స్‌లో ఓపెన్ సోర్స్ విభాగం చూసే సైమన్ ఫిప్స్ దీన్ని బహిరంగంగా తప్పుబట్టారు. భాషలో కొంత భాగాన్నే ఉంచి మిగతాది కత్తిరించడం నిబంధనలకు విరుద్ధమన్నది ఆయన వాదన. ఆ అభ్యంతరం నిలబడేందుకు వ్యవధి లేకపోయింది. గూగుల్ ప్రకటన వెలువడిన రెండు వారాలకే, ఏప్రిల్ 20న, సన్‌ను కొంటున్నట్లు ఒరాకిల్ ప్రకటించింది.

వైట్ లిస్ట్ కన్నా పెద్ద దెబ్బ డేటా దగ్గర తగిలింది. జావా వారికి అలవాటైనది పట్టికల రూపంలో ఉండే డేటాబేస్, దాన్ని ప్రశ్నించడానికి ఎస్‌క్యూఎల్. యాప్ ఇంజన్‌లో ఉన్నది గూగుల్ సొంత బిగ్‌టేబుల్ మీద కట్టిన డేటాస్టోర్. అందులో రెండు పట్టికలను కలిపి ప్రశ్న వేయడం కుదరదు. హైబర్నేట్ అక్కడ పనికిరాకుండా పోయింది. ఒక ఉదాహరణ చూడండి. అద్దె ఇళ్ల సైటు పెట్టారనుకుందాం. అద్దె 5,000 రూపాయల లోపు ఉండాలి, విస్తీర్ణం 800 చదరపు అడుగులు దాటాలి. ఇంత మామూలు ప్రశ్నను కూడా డేటాస్టోర్ ఒక్కసారిగా తీసుకునేది కాదు. 'ఎక్కువ, తక్కువ' అనే పోలిక ఒక ప్రశ్నలో ఒక్క అంశం మీదే అనుమతించేవారు. మరి దారేమిటంటే, ఇళ్ల వివరాలు నమోదు చేసేటప్పుడే వాటిని 'చిన్నవి, మధ్యరకం, పెద్దవి' అని విడదీసి రాసుకోవాలి. అంటే రేపు ఎవరో అడగబోయే ప్రశ్నకు ఇవాళే జవాబు సిద్ధం చేసి పెట్టుకోవాలి. ఒక ప్రశ్నకు 1,000కి మించి ఫలితాలు ఇవ్వకపోవడం మరో నిబంధన. దాన్ని 2010 ఆరంభంలో తొలగించారు.

విచిత్రమేమంటే, ఈ కొత్త సరుకుకు గూగుల్ పాత వేషమే వేసింది. జావా వారికి తెలిసిన జేడీఓ, జేపీఏ పద్ధతుల్లోనే డేటాస్టోర్‌ను వాడుకోవచ్చంది. పేర్లు అవే, ఆదేశాలు అవే, కానీ సగం ఆదేశాలు పనిచేయవు. ఏ సగమో ఒక్కొక్కటీ బెడిసికొట్టాక గానీ తెలియదు. పూర్తిగా కొత్తదని చెప్పి ఉంటే జనం ఓపిగ్గా నేర్చుకునేవారు. పాతదేనని నమ్మించడమే ఎక్కువ రాత్రుల నిద్ర చెడగొట్టిందని నా అభిప్రాయం. ఆబ్జెక్టిఫై అనే చిన్న ఉచిత లైబ్రరీకి ఆదరణ దక్కింది కూడా, ఏ వేషమూ లేకుండా డేటాస్టోర్‌ను డేటాస్టోర్‌గానే చూపించింది గనుక.

ఇక అసలు జబ్బు నిద్ర. సైటుకు కాసేపు ఎవరూ రాకపోతే యాప్ ఇంజన్ ఆ ప్రోగ్రాంను మెమొరీ నుంచి దించేసేది. ఖాళీగా ఉన్న గదిలో ఫ్యాను ఆపేసినట్లన్న మాట. తప్పులేదు. కానీ మళ్లీ మనిషి రాగానే స్విచ్ వేస్తే జావా ఫ్యాను వెంటనే తిరగదు. జావా వర్చువల్ మెషీన్ లేవాలి, వందలాది క్లాసులను లోపలికి తెచ్చుకోవాలి. స్ప్రింగ్ వంటి ఫ్రేమ్‌వర్క్ ఉంటే అది తన పెట్టెలన్నీ విప్పి ఏ భాగం ఎవరికి అవసరమో వెతికి కలుపుకోవాలి. సొంత సర్వర్లో ఈ తతంగం నెలకో రెణ్నెల్లకో ఒకసారి, రాత్రిపూట, ఎవరూ చూడనప్పుడు జరుగుతుంది. అందుకే అన్నేళ్లలో దాన్ని ఎవరూ లోపంగా ఎంచలేదు. ఇక్కడ అది వచ్చిన అతిథి కళ్లెదుటే, గుమ్మంలో నిలబెట్టి జరుగుతుంది. పది సెకన్లు, పదిహేను సెకన్లు. ఏ అభ్యర్థన అయినా 30 సెకన్లలో పూర్తికాకపోతే తెంచేయాలన్నది మరో నియమం. ప్రోగ్రాం బరువెక్కువైతే నిద్రలేవడానికే ఆ గడువు చాలేది కాదు. అప్పుడు తదుపరి అతిథికీ అదే గతి.

దీనికి మనవాళ్లు, అమెరికావాళ్లు అన్న తేడా లేకుండా అందరూ కనిపెట్టిన చిట్కా ఒకటే. నిమిషానికోసారి తమ సైటును తామే పలకరించేలా ఒక ఏర్పాటు చేసుకోవడం. పసిబిడ్డను నిద్రపోనివ్వకుండా మాటిమాటికీ గిల్లడం లాంటిదది. 2010 డిసెంబరులో గూగుల్ తానే నెలకు 9 డాలర్లకు మూడు ప్రతులను ఎప్పుడూ మేల్కొలిపి ఉంచే సదుపాయం తెచ్చింది.

అదే ఏడాది ఫిబ్రవరి 24న గూగుల్ డేటా సెంటర్‌లో కరెంటు పోయి యాప్ ఇంజన్ రెండు గంటలకు పైగా మూగబోయింది. ఆ తర్వాత 2011 జనవరిలో డేటాను ఏకకాలంలో అనేక కేంద్రాల్లో భద్రపరిచే పద్ధతి వచ్చింది. దానికీ ఓ మెలిక ఉంది: రాసిన మాట అన్ని చోట్లకూ చేరడానికి కొంత సమయం పడుతుంది. అందుకే వ్యాఖ్య రాసి మీట నొక్కిన పాఠకుడికి పేజీలో తన వ్యాఖ్యే కనిపించకపోవచ్చు. అతడు మళ్లీ నొక్కుతాడు. కాసేపటికి రెండూ ప్రత్యక్షమవుతాయి.

ఇవన్నీ భరించినవారికి అద్దె పెంపు కబురు 2011 మేలో అందింది. నవంబరు నుంచి అమలైంది. పెరిగిన మొత్తం కన్నా లెక్క కట్టే తీరు మారడం ముఖ్యం. అప్పటివరకూ ప్రాసెసర్ నిజంగా పనిచేసిన సమయానికే డబ్బు. కొత్త పద్ధతిలో ప్రోగ్రాం ప్రతి ఒకటి మెమొరీలో కూర్చున్న ప్రతి గంటకూ డబ్బు. పని చేసినా, ఊరికే కూర్చున్నా. నిద్రపోకుండా గిల్లే చిట్కా రాత్రికి రాత్రి బిల్లు పెంచే చిట్కా అయింది. ఉచితంగా ఇచ్చినవి రోజుకు 28 గంటలు. ఒక్క ప్రతి 24 గంటలూ మేలుకుని ఉండొచ్చు, రెండోది లేచిందా, కాసేపటికే మీటరు తిరుగుతుంది.

రెండోది లేవకూడదంటే ఒకే ప్రతి ఏకకాలంలో పదిమందికి సేవ చేయాలి. జావాకు అది పుట్టుకతో వచ్చిన విద్య, సెట్టింగుల్లో ఒక్క వాక్యం మారిస్తే చాలు. అక్కడే ఇంకో గొయ్యి ఉంది. ప్రోగ్రాం రాసినవారు వచ్చిన కస్టమర్ పేరును సర్వ్‌లెట్‌లో అందరికీ ఉమ్మడిగా ఉండే చోట దాచి ఉంటే, ఇద్దరు ఒకేసారి వచ్చినప్పుడు ఒకరి పేరు మరొకరి పేజీలో కనిపిస్తుంది. ఒంటరిగా పరీక్షించినప్పుడు ఈ తప్పు ఎన్నటికీ బయటపడదు. శిక్షణ తరగతుల్లో కంప్యూటర్‌కు ఒక్కరే కూర్చుంటారు కదా.

వలస వెళ్లిపోవచ్చు కదా అంటారా? 2011 జనవరిలో అమెజాన్ తెచ్చిన ఎలాస్టిక్ బీన్‌స్టాక్‌లో మామూలు టామ్‌క్యాటే ఉంది. కానీ డేటాస్టోర్ కోసం రాసిన ప్రోగ్రాంను అక్కడికి తీసుకెళ్లాలంటే డేటాతో ముడిపడిన ప్రతి వాక్యమూ తిరగరాయాలి. పెద్ద కంపెనీకి అది బడ్జెట్‌లో ఒక పద్దు. ఇద్దరు ముగ్గురు కలిసి నడిపే సంస్థకు ఆరు నెలల జీతం.

ఆ కట్టుబాట్లలో చాలావరకు ఇవాళ లేవు. 2017లో వచ్చిన జావా 8తో వైట్ లిస్ట్ పోయింది. థ్రెడ్లు వచ్చాయి, హైబర్నేట్ వారికి ఎస్‌క్యూఎల్ డేటాబేస్ అంతకుముందే దొరికింది. అయినా కొత్త ఇళ్లకు కొత్త షరతులు వచ్చాయి. కంటైనర్ల కాలం వచ్చాక పాత జావా తనకు కేటాయించిన గది కొలత చూడకుండా భవనం మొత్తాన్నీ చూసి, అందులో పావు వంతు మెమొరీ తనదేననుకునేది. హద్దు దాటగానే వేదిక దాన్ని చంపేసేది. లాగ్‌లో జావా వైపు నుంచి ఒక్క ముక్క కూడా ఉండేది కాదు. ఎందుకు పోయిందో తెలియక తలలు బద్దలు కొట్టుకున్నవారు ఎందరో. 2018లో జావా 10 వచ్చాక అది గది కొలత చూడటం నేర్చుకుంది. నిద్ర జబ్బుకూ మందులు వస్తున్నాయి. 2022 నవంబరులో అమెజాన్, లేచిన ప్రోగ్రాం స్థితిని ఫొటో తీసినట్లు దాచి, అక్కడినుంచే మొదలుపెట్టే స్నాప్‌స్టార్ట్ తెచ్చింది. అదే నెలలో వచ్చిన స్ప్రింగ్ బూట్ 3 ముందుగానే మెషీన్ భాషలోకి మార్చి పంపే వీలు కల్పించింది. సిద్ధం చేసే పని ప్రోగ్రామర్ కంప్యూటర్ దగ్గరే ముగిస్తే, అతిథి గుమ్మంలో నిలబడే పని ఉండదన్నది ఈ ప్రయత్నాలన్నింటి సూత్రం.

మన దేశపు సైట్లకు మాత్రం రెండు చిక్కులు ఇప్పటికీ తప్పడం లేదు. ఒకటి గడియారం. క్లౌడ్ సర్వర్లు సాధారణంగా గ్రీనిచ్ కాలంతో నడుస్తాయి. అక్కడ అర్ధరాత్రి అంటే ఇక్కడ ఉదయం 5.30. తెల్లవారుజామున నాలుగింటికి పాల ప్యాకెట్లు లెక్క రాసుకునే డిపో అమ్మకాలు నిన్నటి ఖాతాలో పడతాయి. ప్రోగ్రామర్ సొంత ల్యాప్‌టాప్‌లో మన కాలమే ఉంటుంది గనుక ఈ తేడా అక్కడ కనిపించదు. రెండోది దూరం. అమెజాన్ 2016లో ముంబైలో, 2022లో హైదరాబాద్‌లో కేంద్రాలు తెరిచింది. గూగుల్ 2017లో ముంబై వచ్చింది. అయినా ప్రోగ్రాం ముంబైలో, పాత డేటాబేస్ సింగపూర్‌లో ఉన్న సంస్థలు కనిపిస్తాయి. ఒక పేజీకి హైబర్నేట్ చడీచప్పుడు లేకుండా 200 ప్రశ్నలు పంపుతుందనుకుందాం. ఒక్కో ప్రశ్న వెళ్లిరావడానికి 50 మిల్లీసెకన్లయితే, పేజీ తెరవడానికి పది సెకన్లు. రెండూ ఒకే చోట ఉంటే ఆ 200 ప్రశ్నల సంగతి ఎవరికీ తెలిసేదే కాదు.

ఇక ఉండిపోయినవారి కథ. 2019లో యాప్ ఇంజన్‌లో జావా 11 వచ్చినప్పుడు, పాతవారు పదేళ్లుగా ఆధారపడిన మెమ్‌క్యాష్, టాస్క్ క్యూ వంటి అంతర్గత వసతులు అందులో లేవు. విడిగా దొరికే సేవలకు మారమన్నారు. పాత జావా 8లోనే ఉండిపోదామంటే దానికి మద్దతు 2024 జనవరి 31తో ముగిసింది. ఈలోగా గూగులే దిగివచ్చి, ఆ పాత వసతులను కొత్త జావాల్లోనూ వాడుకునే వీలు కల్పించింది. 2009లో సన్ వారు కత్తిరింపు అన్నదాని చుట్టూ అన్నేళ్లలో అంత కోడ్ పేరుకుపోయింది మరి.