మోటారుకు జ్వరమొస్తే...

వరికోతలు దగ్గర పడ్డాయంటే ఊళ్లో వెల్డింగ్ షాపువాళ్లకు క్షణం తీరికుండదు. ఒకరు కొడవళ్లు తెస్తారు, ఇంకొకరు గొడ్డలి. మధ్యలో ఎవరో ఒకావిడ మొద్దుబారిన కత్తిపీట పట్టుకొస్తుంది. అన్నిటికీ ఆ మూలనున్న బెంచ్ గ్రైండరే దిక్కు. నడుమ మోటారు, అటో రాయి, ఇటో రాయి. పొద్దుట్నుంచీ రవ్వలు చిమ్మిన ఆ మిషన్ మధ్యాహ్నానికి చెయ్యి పెట్టలేనంత వేడెక్కుతుంది. కాసేపటికి కమురు వాసన! 'కాయిల్ పోయింది, రీవైండింగే' అని చుట్టూ ఉన్నవాళ్లు తేల్చేస్తారు. డబ్బు ఖర్చవుతుంది, నాలుగు రోజుల పనీ పోతుంది. తీరా చుట్టించి తెచ్చిన మోటారు నెల తిరక్కుండానే మళ్లీ కాలిపోతుంది.

కాలిన తీగను మార్చారు సరే, అది ఎందుకు కాలిందో చూసిందెవరు?

మోటారన్నాక కొంత వేడి సహజం. ఒంటి మీద చెయ్యి వేసి నాలుగైదు సెకన్లు ఉంచలేకపోతే పైన సుమారు 60 డిగ్రీలు ఉన్నట్టు. ఆ మాత్రానికే కంగారు అక్కర్లేదు. లోపలి ఇన్సులేషన్ 'బి' క్లాసుదైతే 130 డిగ్రీలు, 'ఎఫ్' క్లాసుదైతే 155 డిగ్రీల దాకా ఓర్చుకుంటుంది. ఆ హద్దు దాటాక మాత్రం పెరిగే ప్రతి 10 డిగ్రీలకూ దాని ఆయుష్షు ఇంచుమించు సగానికి పడిపోతుందని ఇంజినీర్ల లెక్క. వార్నిష్ వాసన వచ్చిందంటే వెంటనే స్విచ్చి కట్టేయాల్సిందే. నేమ్‌ప్లేటు కూడా ఓసారి తుడిచి చదవండి. 'ఎస్1' అని ఉంటే రోజంతా నడపొచ్చు. 'ఎస్2 30' అని ఉంటే అరగంట నడిపి, పూర్తిగా చల్లారనివ్వాలి. చిన్న గ్రైండర్లలో ఈ రెండో రకం చాలానే ఉంటాయి. దాంతో పొద్దస్తమానం పని చేయిస్తే తప్పు మోటారుది కాదు కదా!

ఇక పరీక్ష. ముందు ప్లగ్గు పీకేయండి. రాయిని చేత్తో తిప్పి వదలండి. హాయిగా కొన్ని చుట్లు తిరిగి ఆగితే మంచిదే. గరగరమన్నా, పట్టేసినట్టు ఆగినా బేరింగుల సంగతి చూడాలి. పైనుంచి నూనె పోస్తే లాభం లేదు. సీలు వేసిన బేరింగులోకి అది దిగదు సరికదా, రాతిపొడిని పట్టుకుని జిగురుగా మారుతుంది. పాతదాని మీద ఉన్న నంబరు చూసి కొత్తది వేయించడమే మేలు.

బేరింగులు బాగున్నాయనుకోండి. రెండు రాళ్లూ విప్పేసి మోటారును ఒట్టిగా పది నిమిషాలు నడపండి. విప్పేటప్పుడు ఒక్క మాట గుర్తుంచుకోవాలి. ఎడమవైపు నట్టుకు మర తిరగేసి ఉంటుంది. మామూలుగా తిప్పితే ఊడదు, ఇంకా బిగుస్తుంది. ఈ పది నిమిషాల్లో మోటారు చల్లగా ఉంటే జబ్బు రాయిలోనో, పని తీరులోనో ఉన్నట్టే. అల్యూమినియం, ఇత్తడి ముక్కలు అరగదీస్తే ఆ లోహం రాతి రంధ్రాల్లో కూరుకుని రాయి నున్నబడుతుంది. నున్నటి రాయి కోయదు. కోయడం లేదని మనిషి ఇంకా గట్టిగా అదుముతాడు. ఆ బరువంతా మోటారు మీదే! డ్రెస్సర్‌తో రాయిని ఓసారి చెక్కితే సరిపోయేదానికి మోటారు చుట్టించుకునేవాళ్లు తక్కువేం కాదు. 6 అంగుళాల మిషన్‌కు 8 అంగుళాల రాయి బిగించడం ఇంకో దుస్సాహసం. మోటారు సంగతి సరే, ఆ రాయి పగిలితే ప్రాణాలకే ముప్పు.

రాళ్లు లేకుండా కూడా వేడెక్కుతోందంటే కరెంటు వైపు చూడాలి. మిషన్ నడుస్తుండగా సాకెట్ దగ్గర వోల్టేజీ కొలిపించండి. 230 దగ్గర ఉన్న బలం 180కి పడితే 61 శాతమే మిగులుతుంది. అదే పని చేయడానికి మోటారు ఎక్కువ కరెంటు లాగుతుంది, వేడెక్కుతుంది. వెల్డింగ్ షాపుల్లో దీనికి కారణం చాలాసార్లు కళ్లెదుటే ఉంటుంది. అదే లైను మీద వెల్డింగ్ సెట్టు నడుస్తూ ఉంటుంది! అటు రాడ్డు అంటించినప్పుడల్లా ఇటు గ్రైండర్ నీరసిస్తుంది. వోల్టేజీ మరీ ఎక్కువైనా చిన్న మోటార్లు ఒట్టిగానే కాగిపోతాయి.

స్విచ్చి వేస్తే 'హుం' అంటూ కదలకపోవడం, నెమ్మదిగా వేగం అందుకోవడం... ఇవి కెపాసిటర్ నీరసించిన గుర్తులు. మన మెకానిక్కుల భాషలో కండెన్సర్. రీవైండింగుతో పోలిస్తే దీని ఖరీదు చాలా తక్కువ. కొత్తదానికి మైక్రోఫారడ్లు పాతదానంతే ఉండాలి, వోల్టులు తగ్గకూడదు. ప్లగ్గు తీసినా దాంట్లో కరెంటు నిలిచి ఉంటుంది. పాత ఫిలమెంట్ బల్బు వైర్లు రెండు కొసలకూ ఆనించి ఖాళీ చేశాకే ముట్టుకోవాలి.

త్రీ ఫేజ్ గ్రైండరైతే రైతులకు బాగా తెలిసిన శత్రువే ఇక్కడా ఉంటుంది. బావి దగ్గర మోటార్లను కాల్చేసే సింగిల్ ఫేజింగ్! ఒక ఫ్యూజు పోయినా, మోటారు తిరుగుతూనే ఉండి మిగతా రెండు ఫేజుల్లో ఎక్కువ కరెంటు లాగుతుంది. పంపుసెట్టుకు ప్రివెంటర్ పెట్టించిన చేత్తోనే దీనికీ పెట్టిస్తే పోయేదేముంది?

ఇవన్నీ సరిగా ఉండి, రాళ్లు లేకుండానే నిమిషాల్లో కాగిపోతుంటే అప్పుడు రీవైండింగుకు వెళ్లండి. ఎన్ని చుట్లు, ఎంత గేజు, రాగా అల్యూమినియమా... ఈ మూడూ పాతదానిలాగే ఉండాలని ముందే చెప్పాలి. తీగ సన్నబడినా, చుట్లు తగ్గినా పాత కథే. పాత కాయిల్ ఊడదీయడానికి స్టేటరును మంటలో ఎర్రగా కాలుస్తారు కొందరు. దాంతో లోపలి రేకుల మధ్య పూత పోయి, ఆ తర్వాత ఎంత మంచి తీగ చుట్టినా మోటారు వేడెక్కుతూనే ఉంటుంది.

రాళ్లు తిరిగి బిగించేముందు సంతలో కుండను మోగించి చూసినట్టే వాటినీ చూడాలి. రాయిని వేలికి తగిలించి స్క్రూడ్రైవర్ చెక్క పిడితో మెల్లగా తట్టండి. ఖంగుమంటే క్షేమం. బొద్దుగా మోగితే లోపల బీట ఉన్నట్టే, పక్కన పడేయండి. బిగించాక స్విచ్చి వేసి, రాయికి ఎదురుగా కాకుండా పక్కకు తప్పుకుని ఒక నిమిషం నిలబడండి. కళ్లద్దాలు పెట్టుకుని, వదులు చొక్కా చేతులు పైకి మడిచి, ఆ తర్వాతే కొడవలి అందుకోండి.