రిపేరయిందని చెప్పేదెవరు?

పరీక్ష వ్రాసిన విద్యార్థి చేతికే ఎర్ర సిరా పెన్నిచ్చి, "నీ పేపరు నువ్వే దిద్దుకో నాయనా" అంటే మన కాలేజీలో ఫెయిలయ్యేవాడు ఒక్కడైనా వుంటాడా? వుండడు. నాలాంటివాడికి కూడా ఫిజిక్సులో ఫస్టు క్లాసు వచ్చేస్తుంది. ఇది విని నవ్వుతాం గాని, లక్షలు పోసి కొన్న బండి వారంటీలో వుండగా చెడిపోతే అచ్చంగా యీ పద్ధతే నడుస్తోంది. బాగుచేసేది వాళ్ళే. బాగయిందని చెప్పేదీ వాళ్ళే. ఆ మాట కాగితం మీద వ్రాసుకునేదీ వాళ్ళే. మన వంతు పని క్రింద సంతకం పెట్టడం.

కార్ల సంగతి నాకు అట్టే తెలియదు. మా యింట్లో వున్నది ట్రాక్టరు. అయినా కారున్న మిత్రుల్ని అడిగి చూశాను. చక్రాలు వేరుగాని కథ వేరు కాదు.

2022 మే 14న బ్యాంకు లోను మీద కొన్నాం. వారంటీ రెండేళ్ళు, లేదా రెండు వేల గంటలు, ఏది ముందయితే అది. 2023 జూలైలో, సరిగ్గా దమ్ముల రోజుల్లో, హైడ్రాలిక్ లిఫ్టు తేడా చేసింది. వ్యవసాయం ఎరగని మిత్రుల కోసం నాలుగు మాటలు చెప్పాలి. ట్రాక్టరు వెనకవైపు రెండు ఇనప చేతులుంటాయి. రొటావేటరును ఎత్తి పట్టుకునేవి అవే. వాటిని ఎత్తేది లోపలున్న సిలిండరూ, పిస్టనూ, పంపు తోసే ఆయిలూ. ఎత్తిన తర్వాత ఆ ఆయిలు ఎటూ తప్పించుకుపోకపోతే బరువు పైనే నిలుస్తుంది. ఏ సీలో, వాల్వో అరిగి ఆయిలు జారిపోతూ వుంటే రొటావేటరు దానంతటదే మెల్లగా క్రిందికి దిగుతుంది. గట్టు దాటేటప్పుడు దిగిందంటే బ్లేళ్ళు పోతాయి. మనిషి దాని క్రింద వంగి బోల్టు బిగిస్తూ వుండగా దిగితే ఏం పోతుందో నేను చెప్పక్కర్లేదు.

మొదటిసారి తీసుకెళ్తే షెడ్డులో ఆయిలూ ఫిల్టరూ మార్చారు. నాలుగు రోజులు. పది రోజులు కాకుండానే మళ్ళీ దిగడం మొదలు. రెండోసారి సీళ్ళు మార్చారు. పార్టు రాలేదని తొమ్మిది రోజులు వుంచుకున్నారు. ఆ తొమ్మిది రోజులూ మా ఆరెకరాలకూ కిరాయి ట్రాక్టరు పెట్టించి దమ్ము చేయించాడు మా నాన్న. ఒకవైపు లోను వాయిదా, ఇంకోవైపు కిరాయి. సొంత ట్రాక్టరున్న రైతు పక్కవాడి ట్రాక్టరు కోసం గట్టు మీద నిలబడి ఎదురు చూడటం ఎంత నామోషీయో మా వూళ్ళోవాళ్ళకి తెలుసు.

మూడోసారికి నేను ఇంట్లో వున్నాను. 2024 జనవరి, సంక్రాంతి సెలవులు. మా వూరి మెకానిక్కు ఒకాయన వచ్చి, చెయ్యి వెయ్యకుండా చుట్టూ తిరిగి చూసి, "సిలిండరు లోపల గీత పడి వుంటుందండీ. ఎన్ని సీళ్ళు మార్చినా ఆ గీత కోసేస్తుంది" అన్నాడు. మరి నువ్వే విప్పి చూడరాదా అంటే దణ్ణం పెట్టేశాడు. బయటివాళ్ళ చెయ్యి పడితే వారంటీ చెల్లదని పుస్తకంలో అచ్చు వేసి వుంది గదా! ఇక్కడే వుంది చిక్కు. వారంటీ మనకు రక్షణ అనుకుంటాం. కాని చెడిపోయిన బండిని ఒకే ఒక్క షెడ్డుకు కట్టేసే పలుపుతాడు కూడా అదే. బాగుచెయ్యలేనివాడి దగ్గరికే మూడుసార్లు వెళ్ళాలి, చెయ్యగలిగినవాణ్ణి దూరం నుంచి చూపించుకోవాలి.

ఆ రోజు నాకొక ఆలోచన తోచింది. పెద్ద విద్యేమీ కాదు. రొటావేటరును పూర్తిగా ఎత్తించి, ఇంజను ఆపేసి, నేల నుంచి దాని చట్రం దాకా మా చెల్లెలి జామెట్రీ పెట్టెలోని స్కేలుతో, చాలనిచోట టేపుతో కొలిచాను. 52 సెంటీమీటర్లు. పది నిమిషాల తర్వాత 41. అంటే 11 సెంటీమీటర్లు దిగింది. మూడుసార్లు కొలిస్తే మూడుసార్లూ కొంచెం అటూయిటూగా అంతే. కాగితం మీద వ్రాసి షెడ్డుకు పట్టుకెళ్ళాం. మేనేజరుగారు ఆ కాగితం చూసి నవ్వి, "ఇది కాలేజీలో ప్రాక్టికల్ కాదు తమ్ముడూ" అన్నారు. తర్వాత మా నాన్నతో, "బాబాయిగారూ, మీ రొటావేటరు బరువెక్కువ, వాడకంలోనే వుంది లోపం" అన్నారు. ఆ రొటావేటరు ట్రాక్టరుతో పాటే, అదే షాపులో, ఆయన చేతి బిల్లు మీదే కొన్నాం. ఆ బిల్లు చూపిస్తే ఇక బరువు మాట ఎత్తలేదు.

పన్నెండు రోజులకు బండి వచ్చింది. జాబ్ కార్డు మీద ఇంగ్లీషులో రెండు ముక్కలు: చెక్డ్, ఫౌండ్ ఓకే. ఇంటికొచ్చి కొలిస్తే 9 సెంటీమీటర్లు దిగింది! ఏం చెక్ చేశారు, ఎలా చేశారు, ఎంత వుంటే ఓకే? ఒక్కదానికీ ఆ కార్డులో జవాబు లేదు. మా ఫిర్యాదు కూడా అందులో సరిగ్గా లేదు. మా నాన్న చెప్పింది "ఎత్తిన రొటావేటరు నిలవట్లేదు" అని. వాళ్ళు వ్రాసుకుంది "లిఫ్ట్ చెకింగ్" అని. క్రింద మా నాన్న సంతకం మాత్రం ముత్యాల్లాగా తెలుగులో వుంది.

దాళ్వా పనులు నెత్తిన వున్నాయి గనుక, ఆపినప్పుడల్లా క్రింద దిమ్మ పెట్టుకుంటూ నాన్న అలాగే నెట్టుకొచ్చాడు. కోతలయ్యాక, 2024 జూన్ 3న మళ్ళీ షెడ్డుకు తోలుకెళ్తే వచ్చిన జవాబు: "మే 13తో వారంటీ అయిపోయిందండీ." నేను వ్రేళ్ళ మీద లెక్క వేశాను. నాలుగూ, తొమ్మిదీ, పన్నెండూ కలిపి ఇరవై అయిదు రోజులు మా బండి వాళ్ళ షెడ్డులోనే నిద్రపోయింది. ఆ రోజులు మేము వాడుకున్నవి కావు. అవి కలిపితే జూన్ 7 దాకా వారంటీ వుండాలి. కాని కంపెనీ క్యాలెండరులో షెడ్డులో పడుకున్న రోజు కూడా రైతు దున్నుకున్న రోజే!

ఇప్పుడు చట్టం సంగతి. మనవాళ్ళు చాలామంది అనుకుంటున్నట్టు చట్టం మనకు దూరంగా ఏమీ లేదు. 1986లోనే వినియోగదారుల రక్షణ చట్టం వచ్చింది. దాని స్థానంలో వచ్చిన 2019 చట్టం 2020 జూలై 20 నుంచి అమలులో వుంది. సరుకులో లోపమే గాదు, సేవలో లోపం మీద కూడా ఫిర్యాదు చెయ్యవచ్చు. కంపెనీ ఆఫీసు ఏ బొంబాయిలోనో వున్నా సరే, మనం నివసించే జిల్లా కమిషనులోనే వెయ్యవచ్చు. కారణం పుట్టిన నాటి నుంచి రెండేళ్ళ గడువు. వకీలు తప్పనిసరి కాదు. అయిదు లక్షల లోపు వెల అయితే ఫీజే లేదు. మా బండి లాంటి ఏడు లక్షల సరుకుకు 200 రూపాయలు. "ట్రాక్టరు కిరాయికి కూడా తోల్తారు గదా, అది వ్యాపారం, మీరు వినియోగదారులు కారు" అని మా వూళ్ళో ఒక పెద్దాయన వాదించారు. స్వయం ఉపాధితో జీవనాధారం కోసమే కొని వాడుకునే వస్తువు వ్యాపారం క్రిందికి రాదని 1993 సవరణలోనే చేర్చారు. 2019 చట్టంలోనూ ఆ మాట వుంది. మా నాన్నే డ్రైవరు, మా నాన్నే కూలీ.

అలాగని చట్టం కల్పవృక్షమూ కాదు. లిఫ్టు చెడితే కొత్త ట్రాక్టరు ఇప్పించెయ్యరు. ఒక కారు క్లచ్చి కేసులో 2006లో సుప్రీంకోర్టు, వారంటీలో వున్న మాట లోపమున్న భాగాన్ని బాగుచెయ్యడం లేదా మార్చడం వరకేగాని కారునే మార్చడం కాదని తేల్చింది. అది న్యాయమే అంటాను. మేము కొత్త బండి అడగలేదు. నిలబడే లిఫ్టు అడిగాం.

అసలు కష్టం ఋజువు దగ్గర వస్తుంది. లోపం వుందని చూపించాల్సింది మనం. అవసరమైతే లాబరేటరీకి పంపవచ్చునని చట్టంలో వుంది. కాని దమ్ముల వేళ ట్రాక్టరును ఏ లాబరేటరీ గుమ్మంలో కట్టేస్తాం? ఇక్కడ మన తెలుగు రైతులు గెలిచిన ఒక కేసు గుర్తుచేయాలి. జాతీయ విత్తన సంస్థ మీద ఆంధ్రప్రదేశ్ రైతులు వేసిన కేసులో 2012లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. విత్తనాల శాంపిలును పరీక్షకు పంపలేదు గనుక ఫిర్యాదు చెల్లదని సంస్థ వాదన. కొన్న విత్తనాలన్నీ చల్లేసుకునే రైతు, రేపు పరీక్షకు పనికొస్తాయని కొన్ని దాచి వుంచుతాడనుకోవడం సబబు కాదని కోర్టు త్రోసిపుచ్చింది. రైతు ఎలా బ్రతుకుతాడో ఎరిగిన తీర్పు అది. చల్లేసిన విత్తనం ఎలాంటిదో, పొలంలో తిరుగుతున్న ట్రాక్టరూ అలాంటిదే. దాన్ని సాక్ష్యంగా భద్రపరిచి కూర్చుంటే పంట పోతుంది.

కనుక సాక్ష్యం పుట్టాల్సింది షెడ్డులోనే, బండి లోపలికి వెళ్ళేటప్పుడు ఒకసారి, బయటికి వచ్చేటప్పుడు ఒకసారి. ఏ పరీక్షతో లోపం బయటపడిందో, రిపేరు తర్వాత అదే పరీక్ష, బండి సొంతదారు ఎదుటే చెయ్యాలి. రెండు అంకెలూ జాబ్ కార్డు మీద పడాలి. ఫిర్యాదు మన నోటి నుంచి వచ్చినట్టుగా తెలుగులో వుండాలి. అదేమీ సాధ్యంకాని కోరిక కాదు. మధ్యప్రదేశ్ లోని బుద్నీ కేంద్ర సంస్థలో ట్రాక్టర్లను పరీక్షించేటప్పుడు, లిఫ్టు ఎంత బరువు ఎత్తుతుందనే గాదు, ఎత్తిన బరువును కాసేపు నిలిపి వుంచుతుందా లేదా అని కూడా కొలిచి రిపోర్టులో వ్రాస్తారు. అమ్మకానికి ముందు పనికొచ్చిన కొలత రిపేరు తర్వాత కాలేజీ కుర్రాడి ప్రాక్టికల్ ఎందుకయింది? ఇక షెడ్డులో గడిచిన రోజులు వారంటీకి కలపాలన్న సంగతి. 2019 చట్టం తిరగేసి చూశాను, అలా చెప్పే వాక్యం నాకు కనబడలేదు. ఆ ఒక్క వాక్యం చేరిస్తే షెడ్లలో పార్టులు తొమ్మిది రోజులు ఆలస్యం కావని నా గట్టి నమ్మకం.

షెడ్డువాళ్ళందరూ దొంగలని నేననడం లేదు. మా బండి విప్పిన మెకానిక్కు నా యీడు కుర్రాడు. అతనే చాటుగా చెప్పాడు: సిలిండరు మార్చాలంటే కంపెనీకి క్లెయిము వ్రాయాలి, వాళ్ళు ఒప్పుకోకపోతే ఖర్చు షాపు మీద పడుతుంది, అందుకని ముందు చవకగా అయ్యేవే చెయ్యమంటారట. మా వైపూ తప్పు లేకపోలేదు. రెండో సర్వీసుకు నలభై గంటలు ఆలస్యంగా వెళ్ళాం. అది వాళ్ళు మూడుసార్లు ఎత్తిపొడిచారు. సరే, వ్రాయండి, అది కూడా అంకెతో సహా కార్డు మీద వ్రాయండి. నిజాయితీగా పనిచేసే షాపును ఆ కాగితమే కాపాడుతుంది.

2024 జూన్ లోనే షాపుకూ, కంపెనీకీ కలిపి రిజిష్టరు ఉత్తరం వ్రాశాను. నాలుగు తేదీలు, జాబ్ కార్డుల నకళ్ళు, 11 సెంటీమీటర్లు, 9 సెంటీమీటర్లు, జిల్లా కమిషనుకు వెళ్తామన్న ఒక్క వాక్యం. పదకొండో రోజున కంపెనీ ఇంజనీరు మా వూరొచ్చాడు. విప్పించి చూస్తే సిలిండరు గోడ మీద గోటికి తగిలేంత గీత! మా వూరి మెకానిక్కు పక్కనే నిలబడి వున్నాడు, ఏమీ అనలేదు. సిలిండరు ఉచితంగా మార్చారు. కూలి మాత్రం, వారంటీ దాటింది గనుక, 3,800 రూపాయలు షాపు వసూలు చేసింది.

అది ఇవ్వొద్దన్నాను. పోయిన దమ్ము కిరాయి కూడా అడుగుదామన్నాను. నాన్న వినలేదు. "వాయిదా అంటే వాళ్ళకి ఒక పూటరా. నాటుకి మనుషులు దొరికేదీ ఆ పూటే" అని డబ్బు కట్టేశాడు. నాకు అప్పుడూ నచ్చలేదు, ఇప్పుడూ నచ్చలేదు. 3,800 ఇచ్చి వాళ్ళ లెక్కే రైటని మనం ఒప్పుకున్నట్టయింది గదా అని దెబ్బలాడాను కూడా.

సైన్సు చదివే మిత్రులు సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు బావి దగ్గరి మోటారో, చిన్నాన్న కారో, ఏది వారంటీలో చెడి వుంటే దానికి కొలవదగ్గదేదో ఒకటి వుంటుంది, చూడండి. వోల్టేజీ, లీటర్లు, మైలేజీ, నిమిషాలు. షెడ్డుకు పంపే ముందు ఒక అంకె, వచ్చాక ఒక అంకె.

మా నాన్న ఇప్పుడు రూళ్ళు గీసిన నోటుపుస్తకం ఒకటి ట్రాక్టరు టూల్ బాక్సులో పెట్టుకు తిరుగుతున్నాడు. 2025 సంక్రాంతికి వెళ్ళినప్పుడు తీసి చూశాను. ఏ తేదీన ఎన్ని గంటల మీటరు దగ్గర ఏ పని చేశారో తెలుగులో వ్రాసి, ప్రతి దాని క్రిందా షెడ్డు కుర్రాడి చేత సంతకం పెట్టించాడు. ఆఖరి పేజీలో, "లిఫ్టు, పది నిమిషాలు, అర సెంటీమీటరు" అని వుంది. స్కేలు మా చెల్లెలికి ఇంకా తిరిగివ్వలేదట.