చిట్టా, ఆవర్జా, సూపర్ యూజర్

"మా లెక్కలన్నీ కంప్యూటర్లోనే అండీ" అని విజయవాడ వన్‌టౌన్ హోల్‌సేల్ కొట్లవాళ్ళు ధీమాగా అంటుంటారు. నాకు ఆ ధీమా చూస్తేనే భయం. గుమాస్తా చిట్టాలో అంకె కొట్టేస్తే ఆ కొట్టివేత కనపడేది, కాగితం చింపితే కుట్టు దగ్గర తెలిసిపోయేది. మరి టాలీలో? యజమానికీ, గుమాస్తాకీ, ఆడిటర్ గారి కుర్రాడికీ ఒకటే పాస్‌వర్డ్! వోచర్ మార్చిందెవరో దేవుడికే తెలియాలి.

పెద్ద కంపెనీ అయితే మాత్రం? ఇదే ఊళ్ళో, ఆంధ్రా లయోలా కాలేజీలో బీకాం చదివిన రామలింగరాజు గారి సత్యం కంప్యూటర్స్ నే తీసుకోండి. సూపర్ యూజర్ లాగిన్ తో 7,561 దొంగ ఇన్‌వాయిస్‌లు ఎక్కించి, మామూలు ఉద్యోగులకి కనపడకుండా దాచారని సీబీఐ చెప్పింది. అటు లేని అమ్మకాలు, ఇటు బ్యాంకులో లేని డబ్బు. డెబిట్, క్రెడిట్ మాత్రం చక్కగా సరిపోయాయి! 2009 జనవరి 7న ఆయనే ఉత్తరం రాసేదాకా లోకానికి తెలియలేదు.

2023 ఏప్రిల్ 1 నుంచి కంపెనీల అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్ లో ప్రతి మార్పూ తేదీతో సహా నమోదవ్వాలి, ఆ నమోదుని ఆపే వీలు ఉండకూడదు అని రూలు. బావుంది. కానీ భాగస్వామ్య కొట్లకీ, సొంత వ్యాపారాలకీ అది వర్తించదు. అయినా ముగ్గురూ ఒకే పేరుతో లాగిన్ అయితే ఏ లాగ్ ఏం చెబుతుంది?

ఆ సూపర్ యూజర్ తలుపు పెట్టేది కూడా మన ఇంజనీర్లమే కదా. క్లయింటు అడిగాడని లాగ్ లేని అడ్మిన్ స్క్రీన్ రాసిచ్చేముందు "ఎందుకండీ?" అని అడుగుదాం. వన్‌టౌన్ వాళ్ళేమో ముందు ముగ్గురికీ మూడు లాగిన్లు పెట్టుకుంటే చాలు. పైసా ఖర్చు లేదు.