పద్యమున పొదిగిన సంఖ్య

చదరంగమున మొదటి గడికి ఒక గింజ, ఆపై గడిగడికి రెట్టింపు. 64 గళ్లకు మొత్తము 1,84,46,74,40,73,70,95,51,615. పావులూరి మల్లనదిగా ప్రసిద్ధమైన తెలుగు పద్యమున ఈ సంఖ్య కలదు. శర మనగా 5, శశి యనగా 1. అంకెలు కుడి నుండి ఎడమకు నడచును. అల్ బిరూనీ ఇదే మొత్తమును అరబ్బీలో లెక్కించెను. పద్యము తెలుగు గంటకు, సంఖ్య గణితపు గంటకు అని పంచుట మాకు సమ్మతము కాదు.

అంకెల కూడిక 87. కావున 3 భాగించును, 9 భాగింపదు. ఫెర్మా ప్రధాన సంఖ్యయని తలచిన 4,29,49,67,297 దీనికొక కారణాంకము; దానిని 641 నిశ్శేషముగా భాగించునని 1732లో ఆయిలర్ చూపెను. ఈ భాగహారమును మంగళగిరిలోని మన తెలుగు, ఉర్దూ విద్యార్థులు ఒకే నల్లబల్లపై చేసి చూడవలెనని మా కోరిక. చేతి కాలిక్యులేటరులో 20 అంకెలు పట్టవు లెండి. కమిటీవారు ఇందుకు వారమున కొక గంట ఇప్పింతురా?