గోడకి కన్నం వేసే ముందు...

కర్టెన్ రాడ్డు బిగించాలన్నా, అద్దం తగిలించాలన్నా, వంటింట్లో డబ్బాల స్టాండు పెట్టాలన్నా మనకొచ్చే చిక్కు ఒక్కటే. గోడకి కన్నం వేసేదెవరు? శ్రీవారిని అడిగితే "ఆదివారం చూద్దాంలే" అంటారు. ఆ ఆదివారం ఎప్పుడొస్తుందో మీకూ తెలుసు కదూ! నాలుగు కన్నాల కోసం వడ్రంగి ఒక పట్టాన రాడు.

అందుకే ఈమధ్య చాలామంది ఇళ్ళల్లో వైరు లేని, బ్యాటరీతో నడిచే రోటరీ హ్యామర్ డ్రిల్లు కనిపిస్తోంది. మామూలు డ్రిల్లు కాంక్రీటు దగ్గర మొరాయిస్తుంది. దీని లోపల పిస్టన్ గాలిని నొక్కుతుంటే, ఆ గాలి ఒత్తిడితో బిట్‌కి వెనకనుంచి సుత్తి దెబ్బలు పడుతుంటాయి. అందుకని మనం బలమంతా పెట్టి నొక్కక్కర్లేదు, నిలకడగా పట్టుకుంటే చాలు. ఆడవాళ్ళం నిక్షేపంగా వాడుకోవచ్చు. కాకపోతే జాగ్రత్తలు తెలియాలి. నాకు తెలిసొచ్చిన విధం చెబుతాను.

మా అత్తగారి ఫోటో తగిలిద్దామని హాల్లో స్విచ్ బోర్డుకి సరిగ్గా పైన పెన్సిల్ గుర్తు పెట్టాను. మెయిన్ ఆపేసి, అన్నీ చూసుకున్నానన్న ధీమాతో మిషన్ ఎత్తాను. అప్పుడే వచ్చిన మా మరిది, "వదినా, ఇన్వర్టర్ కూడా ఆపారా?" అన్నాడు. అదే బోర్డు ప్లగ్గులో టెస్టర్ పెట్టి చూపిస్తే లైటు ఎర్రగా వెలిగింది! నేను మెయిన్ ఆపగానే ఇన్వర్టర్ తన పని తను మొదలెట్టింది. నేను గుర్తు పెట్టిన చోటే లోపల వైరు పోతోంది. ఇప్పటికీ తలుచుకుంటే కాళ్ళు వణుకుతాయి.

గోడ సంగతి

స్విచ్ బోర్డుకీ, ప్లగ్గుకీ, కుళాయికీ నిట్టనిలువుగా పైనా కిందా, అడ్డంగా అటూ ఇటూ కన్నం వేయకండి. వైర్లూ పైపులూ ఎక్కువగా ఆ దారినే పోతాయి. అలాగని మిగతా చోట్ల ఉండవని కాదు. అనుమానం ఉంటే ఎలక్ట్రీషియన్‌ని అడగండి. పట్టపగలు మెయినూ, ఇన్వర్టరూ రెండూ ఆపి, టెస్టర్‌తో చూసుకున్నాకే మొదలెట్టండి. బ్యాటరీ మిషన్‌తో ఉన్న సుఖం అదే, కరెంటు లేకపోయినా పని ఆగదు. స్తంభాలకీ, దూలాలకీ జోలికి పోవద్దు, లోపల ఇనుప చువ్వలుంటాయి. ఆస్బెస్టాస్ రేకులకి అసలు పెట్టకండి. ఆ పొడి ఊపిరితిత్తులకి చాలా ప్రమాదం.

మన సంగతి

చీర కొంగు బిగించి దోపుకోండి. చున్నీ తీసేయండి. జడని ముడి వేసుకోండి. గాజులూ, మెళ్ళో గొలుసులూ తీసి పక్కన పెట్టండి. తీయడానికి మనసొప్పని సూత్రాలైతే జాకెట్టు లోపలికి వేసుకోండి. తిరిగే బిట్‌కి కొంగు చిక్కితే ఆపే వ్యవధి ఉండదు. వదులు గ్లవ్స్ కూడా వద్దు. కళ్ళకి అద్దాలు, చెవులకి ఇయర్ మఫ్‌లు ఉండాలి, దూది సరిపోదు. కాంక్రీటు పొడిలో సిలికా ఉంటుంది కనుక ముక్కుకి ఎన్-95 మాస్కు కట్టుకోండి. పిల్లల్ని పక్క గదిలోకి పంపండి. కుర్చీ మీద కుర్చీ వేసి ఎక్కే సాహసాలు వద్దు, కదలని నిచ్చెన ఉండాలి.

మిషన్ సంగతి

బిట్ మార్చే ముందు బ్యాటరీ ఊడదీయండి. బిట్ పెట్టాక ఒకసారి లాగి చూడండి, ఊడి రాకూడదు. పక్క పిడి తప్పకుండా బిగించి రెండు చేతులతో పట్టుకోండి. బిట్ లోపల చువ్వకి ఇరుక్కుంటే మిషన్ మొత్తం తిరిగి మణికట్టు మెలిపడుతుంది. అలా జరిగితే వెంటనే బటన్ వదిలేయండి. కొనేటప్పుడే సేఫ్టీ క్లచ్ ఉన్నది అడగండి. టైల్స్ మీదైతే టేపు అంటించి, సుత్తి దెబ్బ లేకుండా మెల్లిగా తిప్పుతూ మొదలెట్టాలి. 6 మిల్లీమీటర్ల ప్లాస్టిక్ గట్టాకి 6 మిల్లీమీటర్ల బిట్టే వాడండి. లోతు గట్టా కంటే కాస్త ఎక్కువ ఉండాలి. కన్నంలో పొడిని నోటితో ఊదకండి, కళ్ళల్లో పడుతుంది. పని అయ్యాక బిట్‌ని వెంటనే ముట్టుకోకండి, నిప్పులా కాలుతుంది.

బ్యాటరీ సంగతి

బ్యాటరీ వేడిగా ఉంటే చల్లారాకే ఛార్జింగ్ పెట్టండి. ఎండలోనూ, గ్యాస్ స్టవ్ దగ్గరా ఉంచకండి. మేకులూ, తాళంచెవులూ ఉన్న డబ్బాలో పడేయకండి, కొనలు కలిసి నిప్పు పుట్టొచ్చు. ఉబ్బిన బ్యాటరీ ఇక వాడవద్దు.

మా అత్తగారి ఫోటో ఇప్పుడు బోర్డుకి రెండు మూరలు పక్కగా ఉంది. ఆ కన్నం నేనే వేశాను. మీరూ వేయండి. కానీ ముందు ఇన్వర్టర్ ఆపారా?